మాటలు పక్కన పెట్టి దేవుని ముందు కూర్చోవడం ఎలా: మౌన ప్రార్థనకు సమగ్ర మార్గదర్శి

మా సంఘంలో నాకు "ప్రార్థన బాగా చేస్తారు" అనే పేరుండేది. ఉపవాస కూటమైనా, గృహప్రవేశమైనా, ఆస్పత్రిలో మంచం పక్కనైనా మైకు నా చేతికే వచ్చేది. నేనూ తక్కువ తినలేదు. వాక్యాలు వరసగా దొర్లించేదాన్ని. గొంతు ఎక్కడ పెంచాలో, ఎక్కడ వణికించాలో కూడా నాకు బాగా తెలుసు. ఒక బుధవారం కూటం అయ్యాక మా విశాఖలోని పెదజాలారిపేట నుంచి వచ్చే ముసలమ్మ ఒకామె నా చెయ్యి పట్టుకుంది. చేపల గంప మోసి మోసి మెడ వంగిపోయిన మనిషి. "ఏటమ్మా, నువ్వు చెప్పీదాకా ఆయనకి ఏటీ తెల్దేటి?" అని అడిగింది. వెక్కిరింపేమీ లేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

నాకు జవాబు దొరకలేదు. "మీరు మీ తండ్రిని అడుగక మునుపే మీకు అక్కరగా నున్నవేవో ఆయనకు తెలియును" అనే మాట మత్తయి 6లో ఉందని నాకు తెలుసు. దాన్ని ఎన్నిసార్లు మైకులో చదివి వినిపించానో లెక్కలేదు.

కొన్నాళ్ళకి హుద్‌హుద్ తుఫాను వచ్చింది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. ఆ రోజు ఆరాధన లేదు. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, సెల్‌ఫోను పలకదు, వీధిలో చెట్లన్నీ అడ్డంగా పడి ఉన్నాయి. రాత్రి కొవ్వొత్తి ముందు కుటుంబ ప్రార్థనకి కూర్చుంటే నా దగ్గర మాటలు అయిపోయాయి. ఏమని అడగాలో తోచలేదు. అలాగే కూర్చున్నాం. పిల్లలు కూడా కదల్లేదు. మౌన ప్రార్థన నాకు పరిచయమైంది అలాగే, చేతకాక. అప్పటినుంచి తడుముకుంటూ నేర్చుకున్నది కింద రాస్తున్నాను. నేను పాస్టర్‌ని కాను, వేదాంత విద్యార్థినీ కాను. మా బుధవారం కూటానికి వచ్చే అక్కచెల్లెళ్ళకి చెప్పినట్టే చెబుతాను.

ముందు ఒక సందేహం: ఇది మనదేనా?

"ధ్యానం అంటే మనది కాదు కదా అక్కా" అని చాలామంది అడుగుతారు. మన తెలుగు బైబిల్లో మొదటి కీర్తనే "దివారాత్రము దానిని ధ్యానించువాడు ధన్యుడు" అంటుంది. ఇస్సాకు సాయంకాలం పొలంలోకి ధ్యానించడానికే వెళ్ళాడు (ఆదికాండము 24). ప్రార్థిస్తున్న హన్నా పెదవులు కదిలాయి గానీ స్వరం వినబడలేదు, యాజకుడు ఏలీ ఆమెని తాగిందనుకున్నాడు. ఇలా కూర్చుంటే మిమ్మల్ని కూడా ఎవరో ఒకరు ఏదో ఒకటి అనుకుంటారు. ఇది కొత్త సంగతి కాదని చెప్పడానికే ఇదంతా.

నాలుగో శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో గుడిసెలు వేసుకుని బతికిన సన్యాసుల నుంచి, ఆరాధనలో ఎక్కువసేపు మౌనంగానే కూర్చునే క్వేకర్లనే శాఖవాళ్ళ దాకా క్రైస్తవులు ఈ దారిన నడుస్తూనే ఉన్నారు. తేడా ఒక్కటి గుర్తుంచుకోవాలి. మనం మనసుని ఖాళీ చేసుకోవడానికి కూర్చోం. ఎదురుగా ఒకరున్నారని నమ్మి, ఆయన ముందు కూర్చుంటాం. "నా ప్రాణము దేవుని నమ్ముకొని మౌనముగా ఉన్నది" అని 62వ కీర్తన మొదలవుతుంది. నమ్మకం, మౌనం ఒకే వాక్యంలో ఉన్నాయి చూడండి.

మొదటి మెట్టు: చోటు

"నీ గదిలోనికి వెళ్లి తలుపు వేసి" అన్నాడు యేసు, అదే మత్తయి 6లో. ఈ మాట మన ఊరికి మరీ దగ్గరిది. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చి ఇక్కడే తెలుగు నేర్చుకున్నారు. డి గ్రాంజెస్ అనువదించిన సువార్తలు, వాటిలో మత్తయి కూడా, 1812లో బెంగాల్లోని సేరంపూరులో అచ్చయ్యాయి. అప్పటికి ఆ ఇద్దరూ చనిపోయారు. తమ పని పుస్తకంగా చూసుకోలేదు. తగ్గింపు గురించి నేను చాలా ప్రసంగాలు విన్నాను గానీ, ఈ సంగతి తలుచుకున్నప్పుడు కలిగినంత నెమ్మది వాటిలో కలగలేదు.

సరే, చోటు సంగతి. మనకి వేరే గది ఎక్కడిది? రెండు గదుల ఫ్లాటులో అత్తగారి సీరియల్, కుక్కర్ కూత, పక్కింటి మిక్సీ. నా చోటు కుట్టుమిషన్ పక్కన ఉన్న ప్లాస్టిక్ కుర్చీ. రోజూ అదే కుర్చీ కావాలి, అంతే. కొన్నాళ్ళకి కుర్చీని చూడగానే ఒంటికి సంగతి అర్థమైపోతుంది.

ఇంట్లో బొత్తిగా కుదరకపోతే బయటికి వెళ్ళండి. వన్‌టౌన్‌లో మూడు కొండలున్నాయి కదా, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, మూడోది రాస్ కొండ, దాని మీద మరియమాత చర్చి. మామూలు రోజుల్లో పొద్దున్నే ఎక్కితే జనం పలచగా ఉంటారు, కింద పోర్టు కనిపిస్తుంది. డిసెంబర్ 8 పండగ రోజు మాత్రం మౌనం కోసం వెళ్ళకండి. మేము బాప్టిస్టులం, అక్కడ కూర్చోవచ్చా అనే మొహమాటం నాకూ ఉండేది. ఎవరూ ఏమీ అడగలేదు. సముద్రం ఒడ్డు కూడా మంచిదే గానీ ఆర్కే బీచ్ వద్దు. అక్కడ వాకింగ్ వాళ్ళు తెలిసినవాళ్ళై ఉంటారు, మనం మౌనంగా ఉన్నామని నలుగురికి తెలియాలనే కోరిక పుడుతుంది. భీమిలి వైపు పోతే నయం.

రెండో మెట్టు: సమయం

మొదటి వారం ఐదు నిమిషాలు. పదిహేను కాదు, గంట అసలే కాదు. ఉపవాస కూటాల్లో మూడు గంటలు మోకరించిన మనకి ఐదు నిమిషాలు చిన్నతనంగా అనిపిస్తుంది. తగ్గింపు అక్కడే మొదలవుతుంది. ఐదు నిమిషాల మౌనంలో మూడు నిమిషాలు గడియారం గురించే ఆలోచిస్తామని తెలిసినప్పుడు గొప్పలు వాటంతటవే దిగిపోతాయి. రెండో వారం పది చేయండి. నెల దాటాక ఇరవై. 1970లలో అమెరికాలో ట్రాపిస్టులనే కాథలిక్ మఠానికి చెందిన కొందరు సన్యాసులు మామూలు విశ్వాసుల కోసం ఈ పద్ధతిని సులువు చేసి నేర్పినప్పుడు పెట్టిన కొలత కూడా ఇరవై నిమిషాలే, రోజుకి రెండుసార్లు. నాకు ఒకసారే కుదురుతుంది.

వేకువనే లేవాలన్న నియమం ఏమీ లేదు. మా ఆయన స్టీల్ ప్లాంటులో ఉన్నన్నాళ్ళూ సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, దిగి వచ్చి, స్నానం చేసి, టిఫిను తినే ముందు కూర్చునేవారు. ఆయనకి అదే వేకువ. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి టైమరు పెట్టుకోండి. గంట మోగుతుందని తెలిస్తే మాటిమాటికీ కన్ను తెరిచి చూడాల్సిన పని ఉండదు.

మూడో మెట్టు: కూర్చోవడం

దీని గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. వీపు నిటారుగా, పాదాలు నేల మీద, చేతులు ఒళ్ళో. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మోకరించవద్దు. నిద్ర వస్తే రానివ్వండి. "తన ప్రియులు నిద్రించుచుండగా ఆయన వారికిచ్చుచున్నాడు" అని 127వ కీర్తనలో ఉంది.

నాలుగో మెట్టు: ఒక కీర్తన, తర్వాత ఒక్క మాట

కూర్చోగానే మౌనంలోకి దూకలేం. ఒక చిన్న వాక్యభాగం మెల్లగా చదివి దిగాలి. నేను చదివేది 131వ కీర్తన. మూడే వచనాలు. "నా హృదయము అహంకారము గలది కాదు, నా కన్నులు మీదు చూచునవి కావు" అని మొదలవుతుంది. తనకి అందని సంగతుల్లో తలదూర్చనంటాడు దావీదు. తర్వాత చనుపాలు విడిచిన పిల్ల తల్లి దగ్గర ఉన్నట్టు తన ప్రాణం ఉందంటాడు.

పిల్లల్ని పెంచినవాళ్ళు ఈ మాట దగ్గర ఆగాలి. పాలు తాగే పిల్ల తల్లి ఒడిలో పడితే ఊరుకోదు, పమిట లాగుతుంది, ఏడుస్తుంది, వాసన తగిలితే చాలు వెతుకుతుంది. పాలు మానిన పిల్ల అదే ఒడిలో ఊరికే కూర్చుంటుంది. దానికి ఇప్పుడు అమ్మ దగ్గర కావలసింది పాలు కాదు, అమ్మే. అయితే ఆ రెండిటి మధ్య పాలు మాన్పించిన రోజులుంటాయి. రాత్రంతా ఏడుపు, వేపాకు చేదు, అమ్మ మీద కోపం. దావీదు వాటిని దాటి వచ్చి మాట్లాడుతున్నాడు. మీరు అడిగింది దేవుడు ఇవ్వని కాలంలో ఉంటే, ఈ కీర్తన మీకు ముందే తెలిసినట్టుంటుంది.

చదవడం అయ్యాక ఒక్క మాట ఎంచుకోండి. మనసు జారినప్పుడు పట్టుకోవడానికి అదే పిడి. కొందరు "ప్రభువా" అంటారు, కొందరు "మరనాత", అంటే "ప్రభువా, రమ్ము". తూర్పు (ఆర్థడాక్స్) సంఘాలవాళ్ళు సుంకరి ప్రార్థన లాంటి ఒక వాక్యాన్ని ఊపిరితో కలిపి శతాబ్దాలుగా చేస్తున్నారు. మీకూ అది నచ్చితే "దేవా, పాపినైన నన్ను కరుణించుము" చాలు.

నా మాట "అబ్బా". రోమా 8లో "అబ్బా తండ్రీ" అని మొరపెడతాం అంటాడు పౌలు. అది అరామిక్ మాట. మనం మాత్రం బిందె దించినప్పుడు, నడుము పట్టేసినప్పుడు, ఎండన పడి ఇంటికొచ్చి ఫ్యాను కింద కూలబడినప్పుడు ఇదే మాట అంటాం. ఈ రెండూ ఎక్కడ కలిశాయో నాకు తెలియదు గానీ, నా నోట మాత్రం కలిసిపోయాయి. అలసటా ప్రార్థనా ఒకే శ్వాసలో వెళ్ళిపోతాయి. ఏ మాట ఎంచుకున్నా వారానికొకటి మార్చకండి. పైకి అనక్కర్లేదు, లోపల అనుకుంటే చాలు. మంత్రంలా వడివడిగా లెక్కపెట్టి అనవద్దు. అవసరమైనప్పుడే అనండి.

ఐదో మెట్టు: మనసు పారిపోయినప్పుడు

పారిపోతుంది. గ్యాసు బుక్ చేయాలి. అమ్మాయి హాస్టల్ ఫీజు. ఆదివారం ఆవిడ నన్ను చూసి ఎందుకు తల తిప్పుకుంది? మొదటిరోజే ఇవన్నీ వస్తాయి. "నాకు ఏకాగ్రత లేదు, ఇది నా వల్ల కాదు" అని చాలామంది మానేసేది ఇక్కడే.

దీనికి నాకు తెలిసిన మంచి వైద్యం మన ఊరి బడుల వెనకే ఉంది. ఫ్రాన్సులోని ఆనెసీ నుంచి సేల్స్ ఫ్రాన్సిస్ పేరు పెట్టుకున్న మిషనరీలు 1846లో విశాఖకి వచ్చారు. మన దగ్గర పాత కాథలిక్ బడులు, చర్చిలు చాలావరకు వాళ్ళ కష్టమే. ఆ ఫ్రాన్సిస్ (1567–1622) ఒక బిషప్పు, ఆయన పదేపదే చెప్పిన సంగతి ఒకటుంది. ఇతరుల మీద ఎంత మెత్తగా ఉంటామో మన మీద మనం అంత మెత్తగా ఉండాలి. తప్పు చేశాక మనల్ని మనం తిట్టుకోవడం కూడా అహంకారమే. "నాలాంటిదానికి ఇలా జరగడమేంటి" అనే ఉక్రోషమే అది. మనసు చెదిరితే దాన్ని నెమ్మదిగా వెనక్కి తెచ్చి ప్రభువు పక్కన కూర్చోబెట్టమంటాడాయన. గంటంతా అదే పనైనా ఆ గంట వృథా పోలేదంటాడు.

చేయవలసింది ఇంతే. గ్యాసు గుర్తొచ్చిందా, దానితో పోట్లాడకండి. ఎందుకొచ్చిందని ఆరా తీయకండి. "అబ్బా" అనుకుని తిరిగి రండి. ఇరవై నిమిషాల్లో నలభైసార్లు వెళ్ళి నలభైసార్లు వస్తే, నలభైసార్లు తండ్రి వైపు తిరిగినట్టు. తప్పిపోయిన కుమారుడు ఒక్కసారే తిరిగొచ్చాడు.

చెడ్డ ఆలోచనల్ని వదలడం తేలికే. మంచివాటిని వదలడమే కష్టం. కూర్చున్న ఏడో నిమిషంలో ఒక వాక్యానికి అద్భుతమైన అర్థం తడుతుంది, "ఇది బుధవారం కూటంలో చెప్పాలి" అనిపిస్తుంది. నా పాత మైకు నన్ను పిలిచేది అలాగే. దాన్నీ వదిలేయండి. దేవుడిచ్చిందైతే తర్వాత గుర్తుంటుంది. "ఈ రోజు చాలా బాగా కుదిరింది" అనే ఆలోచన వచ్చినా అంతే, అది గ్యాసు బుకింగుతో సమానం.

ఆరో మెట్టు: చింతని ఆయన మీద వేయడం

మొదటి పేతురు 5లో "ఆయన బలిష్ఠమైన చేతిక్రింద దీనమనస్కులై యుండుడి" అని ఉంటుంది. వెంటనే "మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి". మన బైబిల్లో ఇవి రెండు ఆజ్ఞల్లా కనిపిస్తాయి. గ్రీకు మూలంలో ఒకటే ఆజ్ఞ. చింతని ఆయన మీద వేస్తూ తగ్గించుకోండి, అని. అంటే భారం మోసుకుని తిరగడం వినయంగా కనిపిస్తుందే గానీ, అది అంతా నా వల్లే నడుస్తోందనే గర్వం కూడా కావచ్చు.

మా నాన్న పోర్టులో టగ్గు మీద, అంటే ఓడల్ని లాగే పడవ మీద, పనిచేసేవాడు. బయట సముద్రంలో లంగరేసి వరసగా ఆగిన ఓడలు మనకి ఒడ్డు నుంచి కనిపిస్తాయి కదా. వాటి కెప్టెన్లు మహాసముద్రాలు దాటి వచ్చినవాళ్ళే. అయినా డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ఉన్న ఆ ఇరుకు కాలవలోంచి లోపలి హార్బరుకి రావాలంటే పోర్టు పైలట్ పడవలో వెళ్ళి, తాళ్ళ నిచ్చెన ఎక్కి, ఓడ మీదికి చేరాలి. అక్కణ్ణుంచి ఎటు తిప్పాలో పైలట్ చెబుతాడు, కెప్టెన్ పక్కన నిలబడతాడు. "నిద్రపోడు, దిగిపోడు, అడ్డం పడడు" అనేవాడు నాన్న. నమ్మకం అనే మాటకి నాకు తెలిసిన అర్థం అదే. కెప్టెన్ ఓడ వదిలి వెళ్ళడు. మనమూ మందులు మానం, అప్లికేషన్ పెట్టడం మానం, కోర్టు వాయిదాకి వెళ్ళడం మానం. తిప్పే మాట మాత్రం ఆయనది.

కాగితంతో ఒక అభ్యాసం చేయండి. కూర్చునే ముందు మీ మనవి రాయండి. నా మొదటి కాగితం ఇలా ఉంది: "ప్రభువా, తమ్ముడి స్థలం తగాదా దసరాలోపు తెగిపోవాలి, రోడ్డు వైపు వాటా మాకే రావాలి, వదినకి బుద్ధి రావాలి." చదువుకుంటే నవ్వొచ్చింది. దేవుడికి నేను డ్యూటీ చార్టు వేస్తున్నాను. తేదీలు కొట్టేయండి. పరిష్కారం ఎలా ఉండాలో చెప్పే మాటలు కొట్టేయండి. ఎవరు మారాలో చెప్పేవి కూడా. చివరికి "తమ్ముడు" అనే ఒక్క మాట మిగిలింది. ఆ కాగితాన్ని బైబిలు కింద పెట్టి కూర్చున్నాను. అడగకూడదని కాదు, యేసే అడగమన్నాడు. రోజుకి ఒక ఇరవై నిమిషాలు మాత్రం పేరు చెప్పి ఊరుకుని చూడండి. స్థలం తగాదా ఇంకా తెగలేదు. వదినతో మాట్లాడుతున్నాను.

ఏడో మెట్టు: లేవడం

టైమరు మోగగానే ఫోనందుకోకండి. పరలోక ప్రార్థన మామూలు వేగంలో సగం వేగంతో చెప్పండి. "నీ చిత్తము" దగ్గర ఒక శ్వాస ఆగండి. తర్వాత లేచి, మొదట చేతికొచ్చిన పని చేయండి, పాలు కాచడమో, బట్టలు ఆరేయడమో.

ఫలితం వెతకాల్సింది కుర్చీలో కాదు, ఆ పనుల్లో. ఎవరైనా నా తప్పు చెబితే రెండు క్షణాలు ఆగి వినగలుగుతున్నానా? కూటంలో నా వంతు ప్రార్థన చిన్నదైందా? మౌన ప్రార్థన చేస్తున్నానని సాక్ష్యం చెప్పాలని దురద పుడుతోందా? (ఈ వ్యాసం ఆ దురద కిందకే వస్తుందని మా ఆయన అన్నారు. కావచ్చు.)

ఏమీ అనిపించని రోజులు

ఎక్కువ రోజులు అవే. కన్నీళ్ళు రావు, సన్నిధి అనిపించదు. స్పెయిన్ సన్యాసిని అవిలా తెరేసమ్మ (1515–1582) మౌన ప్రార్థనకి గురువు లాంటిది. ఆమె కూడా కొన్నేళ్ళపాటు ప్రార్థన చేసే గంట ఎప్పుడు అయిపోతుందా అని గడియారం కోసమే చెవులు రిక్కించి కూర్చున్నానని ఒప్పుకుంది. అలాంటి రోజు ఐదు నిమిషాలకి తగ్గించుకోండి గానీ మానకండి.

రెండు జాగ్రత్తలు

మౌనంలో పాత దుఃఖాలు పైకి తేలుతాయి. ఏడుపొస్తే ఏడవండి. గుండె దడ, ఊపిరాడకపోవడం, భయం కలిగితే కళ్ళు తెరిచి, ఆపేసి, నాలుగడుగులు నడవండి. ఇది రోజూ జరుగుతుంటే డాక్టరుకి చూపించండి. అలా చూపించుకోవడం విశ్వాసం తక్కువైనట్టు కాదు.

రెండోది నాకు కోపం తెప్పించే సంగతి. భర్త చేతిలో దెబ్బలు తింటున్న ఒక చెల్లికి మాకు తెలిసిన ఒక సంఘ పెద్ద "దీనత్వం అంటే నోరు మూసుకోవడమేనమ్మా" అని సలహా ఇచ్చాడు. నేనక్కడే ఉన్నాను, ఏమీ అనలేదు. ఆ మౌనం ప్రార్థన కాదు, పిరికితనం. యేసు పిలాతు ముందు మౌనంగా నిలబడ్డాడు, నిజమే. చెంప మీద కొట్టిన బంట్రోతుని మాత్రం "నన్నేల కొట్టుచున్నావు?" అని అడిగాడు (యోహాను 18). దేవుని ముందు మౌనం నేర్చుకున్న మనిషి అన్యాయం ముందు నోరు విప్పగలగాలి. ఆ చెల్లి దగ్గరికి తర్వాత వెళ్ళాను, ఆలస్యంగా.

నలుగురు కలిసి చేయాలంటే

ఒంటరిగా నెల రోజులైనా చేశాక కలిసి చేయండి. ఆరుగురు మించవద్దు. ఒకరు కీర్తన చదవాలి, ఒకరు టైమరు చూడాలి, పది నిమిషాలు చాలు. మధ్యలో పాట, సంగీతం వద్దు. అయ్యాక "నీకేమి అనుభవం కలిగింది?" అని ఎవరినీ అడగకూడదు. ఈ నియమం పెట్టకపోతే రెండో వారానికే పోటీ మొదలవుతుంది.

మా బుధవారం కూటంలో మొదటిసారి పెట్టినప్పుడు ముగ్గురు దగ్గారు, ఒకావిడ ఉండబట్టలేక "స్తోత్రం" అనేసింది, పాస్టర్ గారు రెండుసార్లు వాచీ చూసుకున్నారు. జాలారిపేట ముసలమ్మ గోడకి ఆనుకుని, ఆరో నిమిషానికి గురక పెట్టడం మొదలుపెట్టింది. నేను లేపబోతుంటే పాస్టర్ గారు వద్దని చెయ్యి ఊపారు. టైమరు మోగింది. ఆమె కళ్ళు తెరిచి, పమిట సర్దుకుని, "అయిపోయిందేటి అప్పుడే?" అంది.